ఆరు గంటల ఇరవై నిమిషాలు

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరూ అంటారు. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ రోజు నా కొంప ముంచబోయింది నోరు కాదు, పంతం. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ మొదటి నుంచి చివరిదాకా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, మధ్యలో అడ్డు రాకండి.

ముందు నా ఉద్యోగం సంగతి. విమానం నడిపేవాళ్ళు అందరికీ కనిపిస్తారు. అది ఏ దారిన పోవాలో, ఎంత ఎత్తున ఎగరాలో, ఎంత ఇంధనం పోసుకోవాలో నేల మీద కూర్చుని లెక్క కట్టేవాళ్ళు ఉంటారని చాలామందికి తెలియదు. ఆ లెక్క కట్టేదాన్ని నేను. కిటికీ లేని ఒక గది, అందులో ముగ్గురం. గోడకి నాలుగు గడియారాలు, మనిషికి మూడు తెరలు, మూలన ఏం నొక్కినా చేదే ఇచ్చే కాఫీ మిషను. మాది చిన్న సంస్థ. మాకున్న దూరప్రయాణం ఒక్కటే, మా ఊరి నుంచి సముద్రం అవతలి పెద్ద ఊరికి. నాలుగు వేల ఏడు వందల కిలోమీటర్లు. గాలి మామూలుగా ఉంటే ఆరు గంటల ఇరవై నిమిషాలు.

ఆ అవతలి ఊళ్ళోనే మా ఆడపడుచు ఉంటుంది. ఆవిడకి కడుపులో రాళ్ళు, ఆ గురువారం ఆపరేషను. తల్లి పక్కన ఉంటే తప్ప బల్ల ఎక్కనని పట్టుబట్టింది. మా అత్తగారికి డెబ్భై ఒకటి. మేడ మెట్లెక్కేటప్పుడు కూడా పక్కనున్న కమ్మీ వదలని మనిషి. టికెట్ తీసిన రోజు నుంచీ నా బుర్ర తినేసింది.

"ఎంత దూరం అన్నావే?"

"నాలుగు వేల ఏడు వందలు."

"ఎంత సేపు?"

"ఆరు గంటల ఇరవై నిమిషాలు, అత్తయ్యా. నిన్న చెప్పాను, మొన్న చెప్పాను."

"మరి పదకొండూ పదికి లేచి రెండున్నరకి దిగుతుందని టికెట్ మీద రాశాడే? మూడు గంటలే కదా!"

"అక్కడి గడియారం మనకంటే మూడు గంటలు వెనక."

"మిగతా మూడు గంటలూ ఏమైపోతాయి మరి?"

"నేను తినేస్తాను," అన్నాను.

మా ఆయన పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆ రాత్రి ఆవిడ మంచం మీద కూర్చుని చేతి సంచి సర్దడం, తీయడం, మళ్ళీ సర్దడం నేను చూశాను. చూసి కూడా ఊరుకోలేదు. "అత్తయ్యా, మీ గడియారం మార్చకండి. చక్రాలు నేల వదిలిన దగ్గర్నుంచి లెక్కపెట్టుకోండి. ఆరు గంటల ఇరవై నిమిషాలకి మీ కాళ్ళు నేల మీద లేకపోతే నన్నడగండి," అన్నాను. ఎంత పొగరో చూడండి.

మా గదిలో ఒక ఆనవాయితీ ఉంది. మనవాళ్ళు ఎక్కే విమానానికి మనం లెక్క కట్టకూడదు. రూలు పుస్తకంలో ఎక్కడా లేదు, కానీ అందరూ పాటిస్తారు. మా సీనియర్ ఒకాయన ఉన్నారు. ఏ లెక్క చూపించినా "ఇంకోసారి చూద్దాం" అంటారు కాబట్టి ఆయన పేరు ఇంకోసారి గారు. ఆ బుధవారం పొద్దున్నే ఆయన నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"లేమ్మా. ఇవాళ ఆ ఫ్లైటు నేను చూసుకుంటాను."

"ఎందుకండీ? మా అత్తగారు ఎక్కితే రెక్కలు వంగుతాయా?"

"మనవాళ్ళుంటే చెయ్యి ఆగదమ్మా. భయంతో ఎక్కువ పోసేస్తాం. బరువు పెరిగిపోతుంది."

"నాకేం భయం లేదు. కావాలంటే చూడండి," అన్నాను.

ఆయన ఒక్క క్షణం నిలబడి తన కుర్చీలోకి వెళ్ళిపోయారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడదాన్ని, పైగా అత్తగారు ఎక్కుతోంది, చేతులు వణుకుతాయని వీళ్ళ ఉద్దేశం కాబోలు అనుకున్నాను. నిజానికి ఆయన ఉద్దేశం అది కాదు. ఆయన తన సొంత కొడుకు ఎక్కిన రోజున కూడా అలాగే లేచి నాకు కుర్చీ ఇచ్చారు. అది నాకు తెలుసు. తెలిసీ గుర్తు చేసుకోదలచుకోలేదు.

తొమ్మిదిన్నరకి కెప్టెన్ వచ్చాడు. నెమ్మదస్తుడు, ఇరవై ఏళ్ళుగా ఆ దారిలో తిరుగుతున్నవాడు. కాగితం చూసి గడ్డం గోక్కున్నాడు.

"ఎదురుగాలి కొంచెం పెరిగేలా ఉందండీ. ఇంకో నలభై నిమిషాలకి సరిపడా ఫ్యూయల్ వేద్దాం."

వేరే రోజైతే "సరే" అని ఒక్క అంకె మార్చి ఇచ్చేసేదాన్ని. ఆయన అడిగితే కాదనే హక్కు కూడా నాకు సరిగ్గా లేదు. కానీ ఇంకోసారి గారు వెనకనుంచి వింటున్నారు. ఇప్పుడు ఎక్కువ పోస్తే ఆయన మాటే నిజమవుతుంది.

"అక్కర్లేదు సార్. ఆరింటికొచ్చిన గాలుల పటం చూసే కట్టాను. దారికి సరిపోను ఉంది, పైన ఇరవై నిమిషాలుంది, అక్కడ దిగలేకపోతే పక్క ఊరికి పోవడానికి ఉంది, ఆ పైన ఇంకో అరగంట ఉంది. ఇంకా ఎంత మొయ్యాలి? నా లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

తప్పలేదు మరి, అప్పటిదాకా. ఆయన నా మొహం చూశాడు, కాగితం చూశాడు, సంతకం పెట్టాడు.

పదీ నలభైకి తెర మీద మూలన చిన్న పసుపు గీత వెలిగింది. దారిలో గాలి ఎంతుందో చూపే కొత్త పటం వచ్చిందని అర్థం. కొత్తది వస్తే తెరిచి చూడాలి, తేడా ఉంటే లెక్క మళ్ళీ కట్టాలి. విమానం ఇంకా నేల మీదే ఉంది. తెరుద్దామని చెయ్యి జాపాను. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఇంకోసారి గారు దగ్గారు. మామూలు దగ్గే. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పదకొండూ పదికి విమానం లేచింది. అందులో నూట నలభై ఆరు మంది. పద్దెనిమిదో వరసలో, కిటికీ వద్దని బతిమాలుకుంటే మధ్య సీట్లో, మా అత్తగారు.

సముద్రం మీద విమానం గంటకో చోట తన సంగతి రాసి పంపుతుంది. ఎన్నింటికి దాటింది, ఎంత ఇంధనం మిగిలింది, రెండే అంకెలు. మొదటి గంటకి అయిదు నిమిషాలు ఆలస్యం. పోనీలే అనుకున్నాను. అయిదు నిమిషాలు ఒక ఆలస్యమా?

రెండో గంటకి పన్నెండు నిమిషాలు.

ఎవరూ చూడకుండా, పొద్దుటి నుంచీ వెలుగుతూనే ఉన్న ఆ పసుపు గీత మీద నొక్కాను. పటం తెరుచుకుంది. నేను గంటకి యాభై కిలోమీటర్లనుకున్న ఎదురుగాలి నూట ముప్పై దాకా ఉంది. ముందుకెళ్ళేకొద్దీ ఇంకా ఎక్కువ. అదంతా పదీ నలభైకే నా ముందుంది, విమానం తలుపులు కూడా మూయకముందే.

లెక్క మళ్ళీ కట్టాను. ఆరు గంటల ఇరవై కాదు, ఏడు గంటలు. నలభై నిమిషాలు ఎక్కువ. కెప్టెన్ అడిగిన నలభై నిమిషాలే, ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు. అవతలి ఊరు చేరేసరికి ముప్పావుగంటకి సరిపడా కూడా మిగలదు. ఊరు తెరిచి ఉంటే గండం గడుస్తుంది. ఏ కారణం చేతైనా మూసేస్తే, పక్క ఊరికి పోవాలంటే ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది, అక్కడ ఇంకోసారి చుట్టు తిరగడానికి చుక్క ఉండదు.

అవతలి ఊరి వాతావరణం తెరిచాను. సముద్రం మీంచి మంచు మబ్బు కిందికి దిగుతోందని రాసి ఉంది.

ఆ టైములోనే మా ఆయన ఫోను. "అమ్మ ఎంతవరకు వెళ్ళిందోయ్?" అని అడిగాడు. సరదాగానే అడిగాడు. "సగం దారిలో ఉన్నారు," అని పెట్టేశాను.

దారిలో సరిగ్గా సగంలో ఒక దీవి ఉంది. చిన్న రన్‌వే, నెలకోసారి ఎవరో ఒకరు దిగుతారు. విమానం రెండూ నలభై రెండుకి ఆ దీవి పక్కనుంచి పోతుంది. అక్కడ తిరిగితే నేల. తిరగకపోతే అవతల మూడున్నర గంటలు నీళ్ళే. ఫోను చేస్తే అక్కడి రన్‌వే చూసుకునే ముసలాయన ఎత్తాడు.

"నాలుగింటి పడవకి మా ఫైరింజను వాళ్ళు అవతలి గట్టుకి పోతారమ్మా. వాళ్ళు లేకపోతే నేను విమానాన్ని దిగనివ్వను. వస్తారో రారో తొందరగా తేల్చండి."

మా పై అధికారి పెద్దసారు గది పక్కనే. వెళ్ళి విమానాన్ని దీవిలో దించాలన్నాను. గాలి ఎక్కువైందని చెప్పాను, మబ్బు దిగుతోందని చెప్పాను. పొద్దుటి సంగతి చెప్పలేదు. నోటి దాకా వచ్చింది, మింగేశాను.

"అవతలి ఊరు ఇప్పుడు తెరిచే ఉంది కదా?" అన్నాడాయన.

"ఉంది సార్. వీళ్ళు చేరేటప్పటికి ఉంటుందో లేదో."

"గాలి తగ్గొచ్చు. మబ్బు తేలిపోవచ్చు. ఇంతమందిని తీసుకెళ్ళి ఆ రాళ్ళ దిబ్బ మీద కూర్చోబెడితే రేపటి విమానాలన్నీ అతలాకుతలం. అయినా ఎందుకంత కంగారు? ఓహో, మీ అత్తగారున్నారు కదూ అందులో!"

ఇదీ ఆ మాట. పొద్దుటి నుంచీ నేను ఏ మాట పడకూడదని అంత పంతం పట్టానో ఆ మాట. ఆయన నవ్వుతూనే అన్నాడు.

"అవును సార్, ఉన్నారు," అన్నాను. "నాకు భయంగా ఉంది. దించాల్సిందే. రేపు ఏమవుతుంది, ఎవరేమంటారు, అవన్నీ నా మీద రాసుకోండి."

నా గొంతు ఎంత పెద్దదైందంటే ఇంకోసారి గారు గుమ్మం దగ్గరికి వచ్చేశారు. నా తెర మీది అంకెలు అప్పటికే చూసినట్టున్నారు. "దించాలి సార్," అన్నారు. ఆ రోజుకి ఆయన ఇంకోసారి చూద్దామనలేదు.

పెద్దసారు సరేననే దాకా ఆగకుండా రెండు గంటలకి కెప్టెన్‌కి రాసి పంపాను. 'దీవిలో దిగండి. ఎదురుగాలి ఎక్కువ, అవతల మబ్బు. ముందుకి వెళ్ళొద్దు.' వెళ్ళిందని తెర చెప్పింది. జవాబు లేదు.

రెండూ పదికి మళ్ళీ పంపాను. జవాబు లేదు. రెండూ పద్దెనిమిది. రేడియోలో పిలిచాం, గరగరమని చప్పుడు తప్ప మనిషి గొంతు లేదు. ఇంకోసారి గారు నా పక్కన నిలబడి ఒకటే మాట పదే పదే పిలుస్తున్నారు. గోడ మీది గడియారాల్లో ముల్లు కదిలే చప్పుడు అన్నేళ్ళలో నేనెప్పుడూ వినలేదు, ఆ రోజు విన్నాను.

రెండూ ఇరవై ఏడు. నాకు అత్తగారి చేతి సంచి గుర్తొచ్చింది. సర్దడం, తీయడం, మళ్ళీ సర్దడం. అందులో పెద్దగా ఏమీ లేదు. కళ్ళజోడు, మందుల పెట్టె, కూతురికి కుట్టిన పలచటి జాకెట్టు, ఒక కాగితం. కాగితం మీద మా అందరి ఫోను నంబర్లూ పెద్దక్షరాలతో రాసుకుంది. నా నంబరు పక్కన 'విమానం కోడలు' అని ఉంది. చూసి వెక్కిరించాను కూడా.

రెండూ ముప్పై రెండు. ఏ దేవుడికి ఏం మొక్కాలో కూడా తోచలేదు. ఒక్కటే అనుకున్నాను, ఆ ఇరవై నిమిషాలూ నాకు తిరిగి ఇచ్చేయండి, పదీ నలభై నుంచి పదకొండు దాకా, ఇంకేమీ అడగను.

రెండూ ముప్పై ఎనిమిదికి తెర వెలిగింది.

'చూశాం. కుదుపులు ఎక్కువ, చేతులు ఖాళీ లేవు. దీవికి తిరుగుతున్నాం.'

నేను బల్ల మీద తల పెట్టేశాను. అయినా అయిపోలేదు. చిన్న రన్‌వే, అడ్డం గాలి, కెప్టెన్ అక్కడ దిగి ఎన్నేళ్ళయిందో. ఇంకో అరగంట ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. మూడూ పద్నాలుగుకి దీవి ముసలాయన ఫోను చేసి, "దిగింది. అందరూ బానే ఉన్నారు. ఇక్కడ కుర్చీలు మాత్రం నలభయ్యే ఉన్నాయి," అన్నాడు. ఇంకోసారి గారు కాఫీ తెచ్చి నా ముందు పెట్టారు. అది అలాగే చల్లారిపోయింది.

అయిదింటికి కబురొచ్చింది. అవతలి ఊరు మూసేశారు. మంచు కమ్మేసి ఇంకో రెండు గంటల పాటు ఏ విమానమూ దిగడానికి లేదు. వీళ్ళు ముందుకి పోయి ఉంటే ఆరూ పదికి అక్కడుండేవాళ్ళు, ముప్పావుగంటకి కూడా చాలని ఇంధనంతో, ఆ మంచు మీద. తర్వాత పెద్దసారు వచ్చి నా భుజం తట్టాడు.

"నూట నలభై ఆరు మంది నీకు రుణపడి ఉన్నారమ్మా. నేను వద్దన్నా విన్నావు కాదు. రేపే పైకి రాస్తాను."

నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఏమీ అనలేదు. అక్కడే ఇంకో క్షణం ఊరుకుని ఉంటే ఆ మెప్పు నాదైపోయేది. ఊరుకునేదాన్నేమో కూడా.

సరిగ్గా అయిదున్నరకి గదిలో ఫోను మోగింది. దీవి ముసలాయన.

"ఇక్కడొకావిడ నా కుర్చీలో కూర్చుని లేవనంటోంది. మీ అత్తగారట. గడియారం చూసుకుంటూ కూర్చుంది, ఇప్పుడు ఫోను కలపమంది."

"ఏమే, నేనే," అంది అత్తగారు. "ఆరు గంటల ఇరవై నిమిషాలయింది. నా కాళ్ళు నేల మీదే ఉన్నాయి. నువ్వన్నట్టే."

"ఎలా ఉన్నారు అత్తయ్యా?" అని మాత్రం అడిగాను.

"నాకేం, దుక్కలా ఉన్నాను. ఆ కుదుపులకి పక్కాయన డోకులు, వెనకావిడ ఏడుపు. నాకూ పై ప్రాణాలు పైనే పోయాయనుకో. కానీ వాళ్ళకి చెప్పాను. ఊరుకోండర్రా, దీనికి పెట్రోలు లెక్క కట్టింది మా కోడలు, దానికి నోరు మంచిది కాదు గానీ లెక్క తప్పదు అని. మూడు వరసల వాళ్ళు విని నోరు మూసుకున్నారు." ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు మంచు విడిచాక మళ్ళీ ఎక్కాలంటున్నారు. నువ్వే కడతావా లెక్క? నువ్వైతేనే ఎక్కుతాను. వేరేవాళ్ళయితే ఈ ముసలాయన కుర్చీలోనే ఉండిపోతాను."

పెద్దసారు నవ్వుతున్నాడు. ఇంకోసారి గారు నవ్వడం లేదు, నన్నే చూస్తున్నారు. ఇక నా వల్ల కాలేదు.

"అత్తయ్యా, పొద్దున లెక్క తప్పింది. తప్పు నాదే. కెప్టెన్ ఇంకో నలభై నిమిషాలకి పోయమంటే వద్దన్నాను. గాలి మారిందని తెర మీద వస్తే తెరిచి చూడలేదు."

పెద్దసారు నవ్వు ఆగిపోయింది.

"ఎందుకు చూడలేదే?"

"మీరున్నారని భయపడ్డానని వీళ్ళు నవ్వుతారని."

"నాకు భయమని నువ్వు నవ్వావుగా."

"నవ్వాను."

ఏడుపు వచ్చేసింది. పదిమంది తిరిగే గదిలో, పెద్దసారు ముందు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆవిడ అటువైపు ఓపిగ్గా వింది. ఓదార్చలేదు, తిట్టలేదు.

"ఇప్పుడైనా భయమేసిందా నీకు?" అంది చివరికి.

"చచ్చేంత, అత్తయ్యా. ఇంకా చేతులు వణుకుతూనే ఉన్నాయి."

"సరే. అయితే కూర్చుని కట్టు. ఇప్పుడు నువ్వు కట్టినదాంట్లో ఎక్కుతాను."

నేను పెద్దసారు వైపు చూశాను. ఆయన మొహం నల్లగా మాడిపోయి ఉంది. ఆ తర్వాత నాలుగు నెలలు నన్ను ఆ కుర్చీ ఎక్కనివ్వలేదు, అది న్యాయమే. కానీ ఆ సాయంత్రం ఆయన ఏదో అనబోయి ఆగాడు. ఇంకోసారి గారు తన కుర్చీ లాక్కొచ్చి నా కుర్చీ పక్కన వేసుకున్నారు. "నువ్వు కట్టమ్మా. నేను ఇంకోసారి చూస్తాను," అన్నారు.

కళ్ళు తుడుచుకుని కొత్త పటం తెరిచాను. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

"ఇక్కణ్ణుంచి ఎంత దూరమే?" అంది అత్తగారు.

"రెండు వేల మూడు వందల యాభై."

"ఎంత సేపు?"

మూడు గంటల పది నిమిషాలు. అంకె నాలుక చివరిదాకా వచ్చేసింది, అన్నేళ్ళుగా నోటికొచ్చిన అంకె.

"ఉండండి అత్తయ్యా," అన్నాను. "గాలి చూసి చెప్తాను."